పీల్చు మందు – మార్పు

భోగాపురమున విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగెను. ఆ గడ్డమీదనే పదియడుగులు నడిచి ఆయాసముతో కూలబడు వృద్ధులును గలరని మరువరాదు. చుట్టపొగయు, కట్టెలపొయ్యి పొగయు ఏండ్ల తరబడి ఊపిరితిత్తులను చెఱచుచున్నవి. ఉత్తరాంధ్ర స్త్రీలలో కొందఱికి నిప్పుకొన నోటిలోపల నుంచుకొను అడ్డపొగ అలవాటు కూడ గలదు. దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి 2021లో ప్రపంచమున సుమారు 35 లక్షలమందిని బలిగొన్నది. చెడిన ఊపిరితిత్తి బాగుపడదు. పీల్చు మందు ఆయాసమును మాత్రము తగ్గించును.

వాడి పారవేయు ఇన్‌హేలరులకు బదులు మరల మరల వాడదగినవాని నీయవలెనను ప్రయత్నము పాశ్చాత్యదేశములందు సాగుచున్నది. ప్లాస్టిక్ వ్యర్థము తగ్గుట ఒక కారణము. పీడనడబ్బాలయందు విరివిగా వాడు హెచ్.ఎఫ్.ఏ. 134ఏ వాయువు బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు పైగా భూతాపమును పెంచుట రెండవది. మనకిది క్రొత్తగాదు. క్యాప్సూలులోని పొడిని పీల్చు రోటాహేలరు మన దేశమున చిరకాలముగా వాడుకలో నున్నది. 1935లో ఖ్వాజా అబ్దుల్ హమీద్ స్థాపించిన సిప్లా దాని నమ్ముచున్నది. పరికరము నిలుచును, క్యాప్సూలు మాత్రమే మారును.

అట్లయిన చింత యేల? పీల్చు విధానములోనే చిక్కున్నది. పీడనడబ్బా మందును మెల్లగా పీల్చవలెను. పొడిమందును వడిగా, బలముగా పీల్చవలెను. పాత అలవాటుతో క్రొత్తదానిని వాడినచో మందు చాలవఱకు నోటనే నిలిచిపోవును. క్యాప్సూలును మ్రింగినచో ఫలమే లేదు. సముద్రతీరపు చెమ్మకు పొడి ముద్దకట్టును. కావున క్యాప్సూలును వాడువేళవఱకు సీసాలోనే యుంచవలెను. కడిగిన పరికరము పూర్తిగా ఆరవలెను. ఊపిరి మిక్కిలి బలహీనమైనవారికి పొడిమందు తగకపోవచ్చును. వారికి డబ్బాయు స్పేసరుగొట్టమును ఉండనే యుండవలెను.

మార్పును మేము వ్యతిరేకింపము. చేయింపక చేయు మార్పునే వ్యతిరేకింతుము. రోగిచేత వైద్యుని యెదుట ఒకసారి పీల్పించి చూడవలెను. నెల గడచిన పిదప ఆశా కార్యకర్త యింటికిబోయి మరల చూడవలెను. చుట్ట మాన్పింపనిదే యే పరికరమును చాలదని చెప్పవలెను. మందుచీటి మార్చుటకు నిమిషము చాలును. పీల్చుట నేర్పుటకు పదినిమిషములు పట్టును. ఆ పదినిమిషములను ప్రభుత్వ వైద్యశాలలు బీదవాని హక్కుగా గుర్తించుగాక! భూమికి మేలు చేయవలసినదే. ఆ మేలునకు వెల భోగాపురపు ముసలివాని ఊపిరి కారాదు.