గోడ మీది రంగులు ఎవరి పక్షం?

సినిమా పోస్టరు గురించి మన మహిళా సంఘాలు మాట్లాడినప్పుడల్లా ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఒంటిమీద బట్ట ఎంత ఉంది? 1980లలో, 1990లలో ఎన్నో ఊళ్ళలో అశ్లీల పోస్టర్ల మీద తారు పూసిన స్త్రీలున్నారు. అది చెయ్యవలసిన పోరాటమే. అయితే బట్ట నిండుగా ఉన్న పోస్టరు మాటేమిటి? అందులో రంగు చేసే పని మాటేమిటి? ఈ ప్రశ్న అనుమసముద్రంపేటలో ఉండి అడుగుతున్నాను. ఎందుకు ఇక్కడినుంచే అడగాలో చెబుతాను.

పోస్టరును ఎవరూ నిలబడి చదవరు. బస్సు కిటికీలోంచి, నీళ్ళ బిందెతో నడుస్తూ, రెండు క్షణాలు చూస్తారు. అక్షరం కంటే ముందు రంగు చేరుతుంది. చదువు రాని మనిషికి కూడా చేరుతుంది. అచ్చుయంత్రంలో ఉండేవి నాలుగే సిరాలు. ఆ నాలుగింటి పాళ్ళు మార్చి ఇది ప్రేమకథ, ఇది కొట్లాట, ఇది దేవత, ఇది దయ్యం అని చెప్పేస్తారు. అది నైపుణ్యమున్న పని, కాదనను. కానీ ఆ భాషలో స్త్రీకి కేటాయించిన రంగులు చూడండి. ప్రేమకథలో ఆమె గులాబీ రంగు. పక్కన హీరో చామనఛాయగా ఉండవచ్చు, ఆమె బుగ్గలు మాత్రం పాలిపోయేంత తెల్లబడాలి. 1995లో వచ్చిన ‘అమ్మోరు’ వంటి భక్తి చిత్రమైతే పసుపు, కుంకుమ. 1997 నాటి ‘ఒసేయ్ రాములమ్మా’లాగా తిరగబడితే ఎరుపు. 2020లో వచ్చిన ‘కలర్ ఫోటో’ ఒంటిరంగు వివక్ష మీదే తీసిన సినిమా. అందులో కూడా నల్లనివాడు హీరో, తెల్లనిది హీరోయిన్. నల్లపిల్లను ప్రేమించే తెల్లవాడి కథ గోడమీద మనకు ఎన్నిసార్లు కనిపించింది?

రంగుకు పుట్టుకతో అర్థం ఉండదు. ఎవరో అంటగడితేనే వస్తుంది. తెల్లచీర సంగతి తీసుకోండి. భర్త పోయిన స్త్రీకి సమాజం తొడిగింది అదే, సినిమా దయ్యానికి తొడిగిందీ అదే. ఇది కాకతాళీయమా? ఎవరి అదుపూ లేని ఒంటరి స్త్రీ అంటే ఉన్న భయాన్నే తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి గోడకెక్కించారు. ఆకుపచ్చ సంగతీ అంతే. ఇక్కడి దర్గాలో ఆకుపచ్చ చాదర్ అంటే శరణు. దయ్యాల సినిమా పోస్టరులో అదే ఆకుపచ్చ, స్త్రీ ముఖం మీద కిందినుంచి పడే వెలుగు.

అనుమసముద్రంపేట దర్గాకు హిందువులూ, ముస్లిములూ దూరదూరాల నుంచి వస్తారు. ఎంతోమంది స్త్రీలను ఇంటివాళ్ళు ‘గాలి సోకింది’, ‘దయ్యం పట్టింది’ అని తీసుకొస్తారు. వాళ్ళ నమ్మకంతో నాకు పేచీ లేదు. దిక్కులేనివాళ్ళకు కూర్చోవడానికి ఒక నీడ కావాలి. నా పేచీ ఆ ‘దయ్యం’ అన్న మాటతో. కాన్పు తర్వాత నిద్రపట్టని బాలింత, తాగి కొట్టే మొగుడి దగ్గర మాట పడిపోయిన ఇల్లాలు, ఇష్టంలేని పెళ్ళికి ఎదురుతిరిగిన పిల్ల, అందరూ ఆ ఒక్క మాట కిందికే వచ్చేస్తారు. జుట్టు విరబోసుకుని, కళ్ళు పెద్దవి చేసి అరిచే స్త్రీని చూడగానే ఏమనుకోవాలో ఆ ఇంటివాళ్ళకు గోడలు ఏళ్ళ తరబడి నేర్పాయి. 2005 నాటి ‘చంద్రముఖి’లో ఆమెది రోగమేనని కథే చెబుతుంది. అయినా జనానికి గుర్తుండిపోయింది ఆ కాటుక కళ్ళు, ఆ దయ్యమే. 2022లో ‘మసూద’ వచ్చింది. అందులో దయ్యం నల్ల బురఖాలో వస్తుంది. మా వీధుల్లో బురఖాతో బడికి, కూలికి, ఆసుపత్రికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ రోజువారీ బట్టను భయానికి గుర్తుగా వాడుకున్నందుకు వాళ్ళకు ఎవరు జవాబు చెబుతారు?

‘సినిమాను సినిమాగా చూడండి’ అంటారు. సరే, చూద్దాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ గొలుసులు ఏ సినిమావాళ్ళూ వెయ్యలేదు, నిజమే. కానీ రోగిని మనిషిగా కాక భయంకరమైనదిగా చూసే చూపు లేకపోతే, గొలుసు వెయ్యడానికి చెయ్యి ఎలా వస్తుంది? ఆ చూపును రోజూ నూరిపోసేవాటిలో ఈ గోడ కూడా ఒకటి.

1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం ప్రకటనలకు వర్తిస్తుంది. పోస్టరు ప్రకటనే. ఆ చట్టంలో అసభ్యతతో పాటు స్త్రీలను ‘కించపరచడం’ అన్న మాట కూడా ఉంది. అమలు చేసేవాళ్ళు మొదటి మాటనే చదివి పుస్తకం మూసేస్తున్నారు. రెండో మాటను మనం చదివించాలి. స్త్రీ రోగాన్ని, వైధవ్యాన్ని, మతాన్ని భయపెట్టే సరుకుగా అమ్మడం కించపరచడం కాకపోతే మరేమిటి? రాతపూర్వకంగా ఫిర్యాదులు ఇద్దాం. దర్గా దారిలో, ఆసుపత్రి గోడలకు, బడి గోడలకు అటువంటి పోస్టర్లు అంటించనివ్వవద్దని పంచాయతీలను అడుగుదాం. ఖాళీ అయిన గోడమీద మన మాట రాద్దాం: మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ఇచ్చిన హక్కు, గొలుసు వెయ్యడం అదే చట్టం నిషేధించిన పని, సలహాకు ఉచిత ఫోను 14416.

ఇది మన ప్రాంతానికి కొత్త పని కాదు. ఉదయగిరి వైపు, కలిగిరి మండలంలోని దూబగుంట స్త్రీలు అక్షరదీపం తరగతుల్లో ‘సీతమ్మ కథ’ చదివారు. చదివి ఊరుకోలేదు, 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం చదవడం నేర్చుకున్నందుకే అంత జరిగింది. ఇప్పుడు మన సంఘాల సమావేశాల్లో పోస్టరును ముందు పెట్టుకుని రంగు చదవడం నేర్చుకుందాం. ఈ రంగు ఎవరు వేశారు, ఎవరి ముఖాన వేశారు, ఎవరి లాభం కోసం వేశారు అని ప్రతి స్త్రీ అడగాలి. అడగడం మొదలుపెట్టిన స్త్రీని ‘దయ్యం పట్టింది’ అని కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.