ఒక మెలికకు ఎన్ని పేర్లు!



పిండివంట యొక్కటియే యైనను ఊరూరికి దాని పేరు మారును. ఒక యూర జంతికలు, వేరొక యూర చక్రములు, మరియొక యూర మురుకులు. పళ్లెము ఎదుట నున్నంతవరకు ఎవ్వరును పొరబడరు. కాని వస్తువు కంటి కగపడక, మాటనుబట్టియే దాని నెరుగవలసి వచ్చినప్పుడు పేరునకు గల విలువ తెలియును. ఈ మాసమున అట్టి గుర్తు నొకదానిని గూర్చి ముచ్చటింతము. అది మీ చేతిలోని ఫోను మీటలయందే యున్నది. ఆంగ్లమున మొదటి యక్షరమును చిన్నదిగా వ్రాసి, దాని తోకను చుట్టును త్రిప్పినచో నేర్పడు @ అను గుర్తు అది.

ఇది నేటిది కాదు. 1536వ సంవత్సరమున ఫ్రాంచెస్కో లాపి యను ఫ్లారెన్సు వర్తకుడు సెవిల్ నుండి రోమునకు వ్రాసిన లేఖలో, ద్రాక్షసారాయమును కొలుచు జాడికి సంకేతముగ దీనిని వాడెను. స్పెయినువారు దీనిని 'అరోబా' యందురు. అది సుమారు 11.5 కిలోల పాత తూనిక పేరు; నాలుగవ వంతు అను నర్థముగల అరబ్బీ మాటనుండి పుట్టినది. ఆంగ్ల వర్తకులు 'ఒక్కొక్కటి యింత ధర చొప్పున' అని లెక్క వ్రాయుటకు దీనిని వాడిరి. మన దేశమున 'ఎట్ ది రేట్' అను పేరు ఆ లెక్కల నుండి వచ్చినదే.

1971లో రే టాంలిన్సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు ఉత్తరము పంపు నుపాయమును కల్పించెను. మనుష్యుని పేరును యంత్రము పేరును వేరుపరచుటకు, ఎవ్వరి పేరునందును రాని గుర్తు కావలసి ఆయన దీని నెన్నుకొనెను. నాటినుండి ఇది చిరునామాకు గుర్తయినది. మన నోట మాత్రము ధర పేరే నిలిచినది.

ఇతర దేశములవారు దీనిని కంటితో చూచి పేరు పెట్టుకొనిరి. ఇటలీవారికి ఇది నత్త, డచ్చివారికి కోతితోక, రష్యావారికి కుక్క, గ్రీకులకు బాతుపిల్ల, హంగరీవారికి పురుగు. డెన్మార్కువారు దీనియందు ఏనుగు తొండమును చూచిరి. చెకు దేశస్థులకు ఇది చుట్టి యూరవేసిన చేప. ఇజ్రాయెలు వారికి స్త్రూడెల్ అను చుట్టిన పిండివంట. ఎవరి పెరటిలో, ఎవరి వంటయింట ఏది కనబడునో అదియే పేరయినది.

ఇది వినోదముగా తోచవచ్చును గాని, దీనియందు మనకు కష్టనష్టములును గలవు. మా అంబర్‌పేటలో ఒక యిల్లాలు తన కుమార్తె చదువునకు కాగితపు దరఖాస్తు నొక దుకాణమున వ్రాయించెను. ఆమె చిరునామాను నోట చెప్పగా, వ్రాయు పిల్లవాడు ఆ ఒక్క గుర్తునకు బదులు 'ఎట్ ది రేట్' అను మాటలను తొమ్మిది ఆంగ్లాక్షరములుగ వ్రాసెను. ఉత్తరము చేరలేదు, గడువు దాటిన పిదప సంగతి తెలిసెను. ఆ తల్లి తన చదువులేమినే నిందించుకొనెను. కాని చదువులేమి కాదు కారణము. రూపము నెరిగింపని పేరును చెప్పుమని ఆమెకు నేర్పిరి. ఆ గుర్తును చూపి, వ్రాయించి నేర్పినవా రెవ్వరును లేరు.

మన పెద్దలు గుర్తులకు పేరు పెట్టిన తీరు చూడుడు: తలకట్టు, కొమ్ము, గుడి, సున్న, వట్రుసుడి. పేరు విన్నంతనే చేయి దానంతట కదలును. సంక్రాంతికి తెలంగాణమున ప్రతి యింటను చేయు సకినములను తలచుకొనుడు. బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డపై వ్రేళ్లతో మెలిపెట్టుచు చుట్టుమీద చుట్టు వేయుదుము. ఆ మెలిక తెలిసిన చేతికి ఈ గుర్తొక లెక్కా? ఇంట పిల్లలతో దీనిని 'సకినము' అనుడు. 'సుడి' యన్నను సరియే. కచేరీలలో మాత్రము వారెరిగిన 'ఎట్ ది రేట్' అనియే చెప్పి, కాగితముపై మీ చేతితోనే గుర్తు వేసి చూపుడు. వ్రాసినదానిని మరల చదివించుకొనుడు.

ఇంకొక మాట. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపులలోను పేరు నడుమ ఈ గుర్తే యుండును. ఉత్తరపు చిరునామాలో గుర్తు తరువాతి భాగమున చుక్క వచ్చును. యూపీఐ పేరున సాధారణముగా ఆ చుక్క యుండదు. ఒకదానికి బదులు మరియొకటి చెప్పినచో కుట్టుకూలి గాని, పచ్చళ్ల సొమ్ము గాని మీకు చేరదు. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య అక్కరలేదనియు మరువకుడు, అడిగినవారికి చెప్పకుడు.

తన యింటి గుమ్మము తనకు తెలిసినట్లే తన చిరునామాయు తనకు తెలియవలెను. కుమారుడు వచ్చువరకు, అల్లుడు తీరికపడువరకు వేచియుండ నక్కరలేదు. నేటి సాయంకాలమే ఒక కాగితము తీసికొని, మీ చిరునామాను సకినముతో సహా పదిమారులు వ్రాసి చూడుడు.