అవ్వ రొట్టె, అందరి బల్ల

ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండగా బయటికి పోయి ఫలహారం చేసి వచ్చే మగవాడికి ఆ పూట ఏపాటి మర్యాద దక్కుతుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పాఠకురాళ్ళకు అసలే అక్కరలేదు. అయినా మొన్న మంథనిలో ఆ సాహసం చేశాను. తప్పు నాది కాదు, మా మేనల్లుడిది.

వాడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఉంటాడు. మా అక్కయ్య సంవత్సరీకానికి వచ్చాడు. మేము హైదరాబాదు నుంచి పెద్దపల్లి దాకా రైల్లోనూ, అక్కణ్ణుంచి బస్సులోనూ వెళ్ళాం. గోదావరి ఒడ్డున గౌతమేశ్వరస్వామి గుడి దగ్గర స్నానాలూ, ఇంట్లో కార్యక్రమమూ సక్రమంగా జరిగిపోయాయి. మంత్రపురి అని కూడా పిలిపించుకున్న ఊరది. వేదం చెప్పుకున్న కుటుంబాలకు పుట్టినిల్లు. అటువంటి కార్యక్రమాల్లో లోపం జరగడం ఆ ఊళ్ళో అంత సులభం కాదు.

మర్నాడు తెల్లవారుతూనే మావాడు నన్ను లేపాడు.

“మామయ్యా, పదండి, ఏదైనా చిన్న హోటల్లో టిఫిను చేద్దాం. పెద్దది వద్దు. బోర్డు లేనిదైతే మరీ మంచిది.”

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. “సముద్రాలు దాటి వచ్చింది హోటల్లో తినడానికా నాయనా? ఉప్మాకు రవ్వ వేయించి పెట్టాను.”

“ఉప్మా రేపు తింటానత్తయ్యా,” అన్నాడు వాడు. రేపటికి అదే ఉప్మా పెడతానని ఆవిడ అననందుకు సంతోషించి వీధిలో పడ్డాం.

గోదావరి వైపు పోయే సందులో, ఒక పాత ఇంటి ముందుగదిలో దొరికింది మావాడు కోరిన హోటలు. బోర్డు లేదు. గుమ్మం పక్కన కట్టెల పొయ్యి, దాని మీద పెనం, ఎదురుగా ఒక పొడుగాటి బల్ల. దాని మీద నలుగురు సుఖంగా, అయిదుగురు సర్దుకుని కూర్చోవచ్చు. పొయ్యి దగ్గర ఒక అవ్వ. నీళ్ళు అందించడానికీ, చాయ పొయ్యడానికీ ఆవిడ కోడలు.

“కూసో బిడ్డా. రొట్టె గావాల్నా, సర్వపిండి గావాల్నా?” అంది అవ్వ.

మావాడు రెండూ కావాలన్నాడు.

సర్వపిండి మా కరీంనగరం, ఓరుగల్లు వైపు వారికి కొత్త కాదు. తెలియని పాఠకుల కోసం చెబుతాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కరివేపాకు, ఉప్పు, కారం కలిపి ముద్ద చేస్తారు. గుండ్రటి గిన్నె లోపలే దాన్ని పలచగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూత పెడతారు. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైన మెత్తగా ఉంటుంది. తొందరపడ్డారా, గిన్నెకే అంటుకుంటుంది. సర్వపిండి చేసేవారికీ తినేవారికీ కూడా ఓపిక కావాలి.

రొట్టె సంగతి మరొకటి. అవ్వ ఆ పూట జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి పిసికింది. ముద్దను పీట మీద అరచేత్తో తట్టింది. తట్టుతుంటే అది చంద్రబింబంలా పెరిగింది. పెనం మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, తిరగేసి, చివర్న నిప్పుల మీద నిలబెట్టింది. రొట్టె ఊపిరి పీల్చినట్టు పొంగింది. మోదుగాకు విస్తరిలో ఆ రొట్టె, పక్కన టమాట తొక్కు, కాసిని పల్లీల పొడి.

మావాడు రొట్టె తుంచకుండా, మధ్యలో తొక్కు పెట్టి సగానికి మడిచి కొరికాడు.

“అట్ల తింటారు బిడ్డా మీ దేశంల?” అంది అవ్వ నవ్వి.

“మా దేశంలో కాదవ్వా, మెక్సికోవాళ్ళు అట్ల తింటరు,” అన్నాడు వాడు. అవ్వతో మాట్లాడగానే వాడి నాలుక తిరిగి మంథనిదైపోయింది. పొయ్యి ముందర కూర్చుని వాడు చెప్పిన కథ ఇది.

ఆస్టిన్‌లో వాడి ఇంటికి దగ్గర్లో ఇంతే చిన్న హోటలు ఒకటి ఉందట. తల్లీ కూతురూ నడుపుతారు. కూలిపనికి పోయేవాళ్ళ కోసం చీకటితోనే తెరుస్తారు. టోర్టియా అనే పలచని రొట్టెలో ఉడికిన బంగాళాదుంపో, మెదిపిన చిక్కుడుగింజలో, మరొకటో పెట్టి మడిచి ఇస్తారు. దానిపేరు టాకో. పొద్దుటి పూట తినే టాకోలంటే టెక్సాసులో అందరికీ ప్రాణం. పక్కన నంజుకోవడానికి పచ్చిమిరప, టమాట కలిపి రోట్లో నూరిన పచ్చడి. ఆ రోటికి మూడు కాళ్ళుంటాయట. ఆ ‘మరొకటి’ కోడిగుడ్డు అనే సంగతి అత్తయ్యకు చెప్పవద్దని నాకు చెవిలో చెప్పాడు. ఇక్కడ రాయవద్దని మాత్రం చెప్పలేదు.

“గోధుమపిండితో కూడా చేస్తారవ్వా. కానీ అసలుది మక్కజొన్నదే.”

“మక్కలు మనయే గద?” అంది అవ్వ.

కావు. మక్కజొన్న పుట్టింది మెక్సికోలోనే. అక్కడి రైతులు దాదాపు 9000 ఏళ్ళ కిందట ఒక గడ్డిమొక్కను తీసుకుని, తరతరాలుగా మంచి గింజ ఏరి నాటుతూ కంకిగా తయారుచేశారు. మిరపకాయకూ అదే పుట్టిల్లు. టమాట అన్న మాట కూడా ఆ నేల భాష నుంచి వచ్చిందే. పల్లీలది ఆ పక్కనే ఉన్న దక్షిణ అమెరికా. 1498లో వాస్కో డ గామా వచ్చిన తర్వాత, ఆ పోర్చుగీసు వర్తకుల ఓడల్లో మిరపకాయ మన రేవులకు చేరింది. అంతకు ముందు మన కారానికి మిరియాలే దిక్కు. ఆ విస్తట్లో టమాట, మిరప, పల్లీలు అన్నీ పరదేశమే!

అవ్వ కాసేపు ఆలోచించింది. “అంటే నువ్వు మన మిరపకాయ మేనమామ ఇల్లు చూసొచ్చినవన్న మాట,” అంది.

ఇంత మాట నేను నలభై ఏళ్ళు కలం పట్టీ రాయలేకపోయాను.

తర్వాత మావాడు సున్నం సంగతి చెప్పాడు. మెక్సికోవాళ్ళు మక్కగింజలను సున్నపునీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. పొట్టు ఊడిపోతుంది, పిండి అతుక్కుంటుంది. అంతకంటే ముఖ్యం, ఆ గింజలో ఒంటికి పట్టకుండా దాగి ఉన్న ఒక విటమిను సున్నం వల్ల ఒంటికి అందుతుంది. యూరోపువాళ్ళు గింజను పట్టుకుపోయారు గాని సున్నం మాట పట్టించుకోలేదు. దాంతో మక్కజొన్నే తిని బతికిన ఇటలీ పేదలకూ, తరువాత అమెరికా దక్షిణాది పేదలకూ చర్మం పగిలి, మతి చలించే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది.

“గింజ తీస్కపోయిండ్రు, ఒండేటి అవ్వను అడుగలేదన్నట్టు,” అంది అవ్వ, రొట్టె తిరగేస్తూ.

అంతలో చీపురు గోడకు ఆనించి ఒకామె లోపలికి వచ్చింది. ఒంటి మీద పారిశుధ్య పనివారు తొడుక్కునే చొక్కా. వీధి ఊడ్చి వస్తున్నది. “అవ్వా, రొండు రొట్టెలెయ్యి,” అంటూ వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుంది.

నేను కొంచెం జరిగాను.

పాఠకులతో ఇన్నాళ్ళ స్నేహం ఉంది కనుక నిజం చెబుతాను. చోటిద్దామని జరిగానా, దూరంగా ఉందామని జరిగానా? డెబ్బయ్యేళ్ళు దాటినవాణ్ణి. పుస్తకాలు చదివినవాణ్ణి, సభల్లో సమత్వం గురించి మాట్లాడినవాణ్ణి. అయినా ఆ జరిగింది నా బుద్ధి కాదు, నా ఒళ్ళు. ఏనాటి అలవాటో ఎముకల్లో ఉండిపోయింది.

ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. “జరుగకుండ్రి సారూ, సరిపోతది,” అంది మామూలుగా. అవ్వ రెండు రొట్టెలు అదే పీట మీద తట్టి, అదే పెనం మీద కాల్చి, అదే మోదుగాకులో పెట్టింది. అదే గ్లాసులో నీళ్ళిచ్చింది కోడలు.

మావాడు చూశాడు. ఏమీ అనలేదు. చాయ తాగుతూ మాత్రం, వేరే మాట చెబుతున్నట్టు టెక్సాసు సంగతి మళ్ళీ ఎత్తాడు. వాడు టాకోలు తినే ఊళ్ళున్న రాష్ట్రంలోనే ఒకప్పుడు ఎన్నో హోటళ్ళ గుమ్మాల మీద మెక్సికోవాళ్ళు రాకూడదని బోర్డులుండేవట. ఫెలిక్స్ లాంగోరియా అనే సైనికుడు రెండో ప్రపంచయుద్ధంలో ఫిలిప్పీన్సులో అమెరికా కోసం ప్రాణమిచ్చాడు. 1949లో అతని అస్థికలు స్వగ్రామమైన త్రీ రివర్సుకు రావలసి ఉండగా, మెక్సికను కుటుంబమని అక్కడి అంత్యక్రియల మందిరంలో చోటివ్వమన్నారు. టెక్సాసు నుంచి అప్పుడే సెనేటరైన లిండన్ జాన్సన్ పూనుకుని, దేశవీరులను ఖననం చేసే ఆర్లింగ్టన్ శ్మశానంలో సైనికమర్యాదలతో అంత్యక్రియలు జరిగేటట్టు చూశాడు. అధ్యక్షుడయ్యాక 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసిందీ ఆయనే. దానితో హోటళ్ళలో జాతిని బట్టి తలుపు మూయడం చట్టవిరుద్ధమైంది. 2010లో యునెస్కోవారు మెక్సికో సంప్రదాయ వంటను మానవజాతి వారసత్వాల్లో ఒకటిగా గుర్తించారు.

“వాళ్ళ మక్కజొన్న కావాలి, వాళ్ళ మిరపకాయ కావాలి. వాళ్ళు పక్కన కూర్చోకూడదు. చిత్రం కాదూ మామయ్యా?” అన్నాడు.

చిత్రమే. కానీ ఆ మాట వింటుంటే నాకు టెక్సాసు కనిపించలేదు. మా జీతగాడు కనిపించాడు.

అప్పుడు నాకు పదేళ్ళు. 1963 ప్రాంతం. మా బాపు బయట మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. ఒకనాడు జీతగాడు నన్ను భుజాన ఎత్తుకుని జాతరకు తీసుకుపోయాడు. దారిలో బస్సులాగే చోట ఒక హోటలు. పూరీ వాసనకు నేను ఏడుపు లంకించుకున్నాను. అతను తన మొలలోంచి డబ్బులు తీసి నన్ను లోపలికి పంపాడు. నేను బల్ల మీద కూర్చుని తిన్నాను. అతను బయట చూరు కింద నిలబడ్డాడు. చూరులో దోపిన ఒక గ్లాసు తనే తీసుకుని, దాన్లో పైనుంచి పోసిన చాయ తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే దోపాడు.

“నువ్వు లోపలికి రావేం?” అని అడిగాను.

“నాకు నిలవడి తాగుడే అలవాటు, చిన్న పంతులూ,” అన్నాడు.

నిజమేనని నమ్మాను. మా పొలం దున్నినవాడు అతను. మా గాదెలో ధాన్యం అతని చేతి ధాన్యం. ఆనాటి పూరీ డబ్బులూ అతనివే. బల్ల మాత్రం నాది.

అప్పటికే చట్టం లేకపోలేదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్ళ పేరు పెట్టి మరీ 15వ అధికరణం చెప్పింది. 1955 జూన్ 1 నుంచి అమలైన చట్టం, హోటల్లోకి రానివ్వకపోవడం శిక్షార్హమంది. మా జీతగాడి గ్లాసుకు ఈ సంగతి తెలియదు. హోటలువారికి తెలిసినా తెలియనట్టున్నారు. లోపల కూర్చున్న మావంటివారు తెలుసుకోదలచలేదు. చట్టం ఢిల్లీ నుంచి మా దారిలోని బల్ల దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో! ఆ బల్ల దాకా వచ్చినా, మొన్నటికి నా ఒంట్లోకి ఇంకా పూర్తిగా రాలేదని తేలింది.

అవ్వకు డబ్బులిస్తూ, మా ఆవిడ కోసం రెండు సర్వపిండులు కట్టించాను. శాంతి ఒప్పందాలకు ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

“రేపు గూడ వస్తరా?” అంది అవ్వ.

ఇంటి దగ్గర మా ఆవిడ సర్వపిండి తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు మాట్లాడలేదు. “నూనె కొంచెం ఎక్కువైంది,” అని తీర్పు చెప్పి, రెండోది కూడా ముందుకు లాక్కుంది. తర్వాత నా ముఖం చూసి, “ఏమిటలా ఉన్నారు?” అంది. జరిగింది చెప్పాను. జరిగిందంటే నేను బల్ల మీద జరిగిన సంగతి.

ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. “రేపు నేనూ వస్తాను,” అంది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. ఉప్మా ఆ పూటా వాయిదా పడింది. బల్ల నిండిపోయింది. మేమూ, బొగ్గుగనికి పోయే కుర్రవాడొకడూ కూర్చున్నాం. చీపురు గోడకు ఆనిన చప్పుడు వినిపించింది. ఈసారి నేను జరగలేదు. జరగడానికి చోటూ లేదు. లేచి నిలబడ్డాను.

“కూర్చోండి సారూ, మీరు పెద్దోళ్ళు,” అందామె.

“నువ్వు కూర్చో తల్లీ. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నది నువ్వు,” అన్నాను.

ఆమె కూర్చుంది. నేను గుమ్మం పక్కన చూరు కింద నిలబడి చాయ తాగాను. బాగానే ఉంది. కానీ నిలబడి తాగడం ఎవరికీ అలవాటుగా ఉండదని, అరవై ఏళ్ళ తర్వాత, ఆనాడు నాకు తెలిసింది.