చెరువు పట్టినంతే పిల్లలు వదలాలి

తుర్కపల్లి: పిల్లలను ఎంత ఎక్కువ వదిలితే అంత దిగుబడి అనుకోవడం పొరపాటు. కోస్తా రొయ్య రైతులు ఈ పాఠాన్ని సొమ్ము పోగొట్టుకొని నేర్చుకున్నారు.

రొయ్యకు వేసిన మేతలోని నత్రజనిలో సుమారు నాలుగో వంతే దాని ఒంటికి పడుతుంది. మిగిలినది తినని మేతగా, విసర్జనగా అడుగున చేరి కుళ్లుతుంది; అమ్మోనియా పుడుతుంది. పిల్లలు కిక్కిరిసిన గుంటలో తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక రొయ్య పైకి తేలుతుంది. ఆ మురుగునీరు కాలువలో కలిస్తే పొరుగు గుంటకూ తెగులు అంటుతుంది. 1994లో తెల్లమచ్చ తెగులు నెల్లూరు తీరాన గుంటలకు గుంటలను తుడిచిపెట్టింది. 2009లో వెనామీ పెంపకానికి అనుమతినిచ్చిన తర్వాత చదరపు మీటరుకు 60 పిల్లలు, అనగా ఎకరాకు సుమారు 2.4 లక్షలు మించరాదని కేంద్రం పరిమితి పెట్టింది.

శామీర్‌పేట పెద్దచెరువు వంటి మన చెరువులు ఉప్పునీటి గుంటలు కావు. వీటిలో చేపకైనా, మంచినీటి రొయ్యకైనా నీటిలో పుట్టే సహజాహారమే ఆధారం. నీరు తగ్గిన ఏడు కూడా అన్నే పిల్లలు పోస్తే అవి ఎదగవు. నష్టపోయేది వల వేసే మత్స్యకారుడే.

మత్స్యశాఖవారు ముందుగా నీటి విస్తీర్ణం కొలిచి, సంఘ సభ్యుల ఎదుట పిల్లలను లెక్కించి వదలాలి. పిల్లలు రాకముందే అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించుట అవసరం.