మీటరంటే బిల్లేనా?

కరెంటు మీద చర్చ మొదలవగానే టీవీ ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం మనం. సబ్సిడీలు, మెగావాట్లు, డిస్కంల నష్టాలు... అదంతా మగవాళ్ళ గొడవ అనుకుంటాం. బోరు ఎండిపోయి కొత్తది వేయాల్సి వస్తే మాత్రం ముందుగా బ్యాంకుకు వెళ్ళేది మన మెడలోని బంగారమే!

అసలు ఈ విషయం మాట్లాడే హక్కు మా పాలమూరు ఆడవాళ్ళకు ఇంకాస్త ఎక్కువే ఉందంటాను. గద్వాల దగ్గర జూరాల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు. వనపర్తి జిల్లాలో ఆత్మకూరు వైపున్న దిగువ జూరాలది 240. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో కొండ లోపల ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రానిది 900. మళ్ళీ అదే కృష్ణ నీళ్ళను పొలాలకు ఎక్కించడానికి కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలో మూడు చోట్ల ఐదేసి మోటార్లు, ఒక్కొక్కటీ 30 మెగావాట్లది. కరెంటు పుట్టేదీ ఇక్కడే, ఖర్చయ్యేదీ ఇక్కడే. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో మంటలు లేస్తే తొమ్మిది మంది చనిపోయారు. అందులో ఒక మహిళా ఇంజనీరు కూడా ఉంది. ఇంకా ఇది మగవాళ్ళ వ్యవహారమేనా?

2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. మంచిదే. కానీ ఇచ్చింది రోజుకు ఏడు గంటలు, అదీ పగలు కొంత, రాత్రి కొంత. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని ఆయన పొలానికి వెళ్తే, పామో పురుగో, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటాడో ఏమో అని తెల్లవార్లూ గడప దగ్గర కూర్చున్న ఇల్లాళ్ళు ఎందరో! ఆ జాగారాన్ని ఏ బడ్జెట్‌లోనూ లెక్క కట్టలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తీరింది. కాదనను.

తీరనిది ఇంకొకటుంది. ఆటో స్టార్టరు పెట్టి వదిలేస్తే మనిషి లేకపోయినా మోటారు నడుస్తూనే ఉంటుంది. మాది రాతినేల. ఒకరి బోరు లోతుకు పోతే పక్కవాళ్ళది ఎండుతుంది. వాళ్ళు ఇంకా లోతుకు పోవాలి. కరెంటు ఉచితమే గానీ బోరు బండి ఉచితంగా రాదు కదా!

ఇన్ని మోటార్లు ఎంత కరెంటు తాగుతున్నాయంటే చెప్పేది అంచనాయే. చాలా మోటార్లకు మీటర్లు లేవు మరి. ఖాతా రాయని కిరాణా కొట్టులో ఏ సరుకు ఎవరింటికి పోయిందో ఎలా తెలుస్తుంది? తీగల్లో పోయినదీ, దొంగిలించినదీ కూడా రైతు పేరు మీదనే రాసుకోవచ్చు. "రైతుల వల్లే నష్టం" అని పట్నంలో ఎవరైనా అంటే, కాదని చెప్పడానికి రైతు దగ్గర కాగితం లేదు.

మాకు పాలు పోసే ఆవిడతో ఈ మాటే అంటే, "మీటరు వెడ్తే రేపు బిల్లు గూడ ఏస్తరక్కా, ఎవర్ని నమ్మాలె?" అంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. విద్యుత్ బోర్డును విడగొట్టి, సంస్కరణలన్నారు. 2000లో చార్జీలు పెంచారు. ఆ ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ప్రాణాలు పోయాయి. అది చూసినవాళ్ళు మీటరును చూసి జంకితే తెలివితక్కువతనం అనలేం.

అయినా నేనొకటి అడుగుతాను. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్ళకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇస్తున్నది మీటరు చూసే కదా! కొలవడం వేరు, వసూలు చేయడం వేరు. రైతు మోటారుకు పెట్టడం ఇష్టం లేకపోతే పోనీ, ఊళ్ళో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒక మీటరు పెట్టండి. ఏ ఒక్కరి పేరు మీదా బిల్లు పుట్టదు, లెక్క మాత్రం తేలుతుంది. రైతుకు ఉచితం ఆపాలనేవాళ్ళతో నేను ఏకీభవించను. లెక్కే వద్దనేవాళ్ళతోనూ ఏకీభవించను.

ఈ మాట అడగడానికి చోటు లేకపోలేదు. చార్జీలు మార్చాలంటే డిస్కంలు ముందుగా విద్యుత్ నియంత్రణ మండలికి ప్రతిపాదనలు ఇవ్వాలి, పత్రికల్లో ప్రకటించాలి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలి. తెల్లకాగితం మీద తెలుగులో రాసి పంపవచ్చు. బహిరంగ విచారణ పెట్టినప్పుడు వెళ్ళి మాట్లాడవచ్చు. ఆ ప్రకటన పేపర్లో వస్తుంది, మనం దానిమీద కూరగాయలు తరుగుతాం! ఈసారి తరిగే ముందు ఒకసారి చదవండి. మహిళా సంఘం సమావేశంలో ఎలాగూ పొదుపు లెక్కలు చూస్తారు కదా, ఆ పక్కనే ఈ ప్రశ్న కూడా రాసి అందరూ సంతకాలు పెట్టండి: మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల కింద పోయిన ఏడాది ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయి? అది కొలిచిన లెక్కా, అంచనా లెక్కా?