పని చెప్పరా ఏదన్నా

డిసెంబరులో చికాగోలో నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. చంద్రశేఖరపురం నుంచి మా అమ్మ వచ్చిన మొదటి వారం కిటికీ దగ్గర నిలబడి, "ఇంకా పాలు పితికే వేళన్నా కాలా, అప్పుడే ఇంత చీకటేందిరా?" అంది. వంట కోడలు చేస్తుంది. అంట్లు ఒక మిషను తోముతుంది, బట్టలు ఇంకో మిషను ఉతుకుతుంది, మరొకటి ఆరబెడుతుంది. బయట అడుగు పెడితే జారే మంచు. నాలుగో రోజు సాయంత్రం నా పక్కన కూర్చుని అడిగింది: "పని చెప్పరా ఏదన్నా."

నేను టీవీ పెట్టాను. ఈ సంచికలో ఆ తప్పు గురించే రాయాలనుకున్నాను, ఎందుకంటే మన సంఘంలో చాలా ఇళ్లలో జరుగుతున్నది అదే. ప్రతి సంక్రాంతికీ పెద్దల్ని ముందు వరసలో కూర్చోబెడతాం, శాలువా కప్పుతాం, ఫోటో తీస్తాం, ముందుగా భోజనానికి పంపుతాం. వాళ్ల చేతుల్లో ఏముందో మాత్రం అడగం.

ఇక్కడి గ్రంథాలయాల్లో, వృద్ధుల కేంద్రాల్లో శీతాకాలపు సెలవులకి పెద్దవాళ్ల చేత చిన్న చిన్న చేతిపనులు చేయిస్తారు. దేవదారు కాయలకి రిబ్బను చుట్టి తలుపుకి తగిలించే చక్రాలు, కత్తిరింపు కాగితంతో మంచుపూలు. మంచి పద్ధతే. అమ్మని ఒక రోజు తీసుకెళ్లాను. శ్రద్ధగా చేసింది, ఇంటికి తెచ్చింది, మా గుమ్మానికి తగిలించింది. "తోరణం లాంటిదన్నమాట" అని సంతోషపడింది కూడా. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. అప్పుడు అర్థమైంది. మా ఊళ్లో పెద్దవాళ్లు చలికాలంలో చేసే ప్రతి పనికీ ఎదురుచూసే మనిషి ఒకరుండేవారు. ఒత్తి చేస్తే రేపటి దీపానికి, ఇస్తరాకు కుడితే ఎల్లుండి జరిగే పెళ్లికి, బొంత కుడితే కూతురి కాన్పుకి. అమ్మ అడుగుతున్నది ఆ ఎదురుచూపు గురించి.

మా పడమటి ప్రకాశంలో చలికాలం చేతిపని అంటే ముందు బొంతే. పాత నేతచీరలు, పంచెలు ఉతికి ఎండేసి, వాడి వాడి మెత్తబడ్డవి ఏరేవాళ్లు. చినిగిన చోట అతుకు వేసేవాళ్లు. నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి వసారాలో పరిచి, కదలకుండా మూలల్లో రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోయేవాళ్లు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలా ఒక వైపు కూర్చునేవారు. ఊరి కబుర్లన్నీ ఆ బొంత మీదే తిరిగేవి. పసిబిడ్డ ఒంటికి కొత్తగుడ్డ గీరుకుంటుందని పాతచీర బొంతలోనే పడుకోబెట్టేవాళ్లు. మా నాయనమ్మ ఆకుపచ్చ చీర ఎవరి బొంతలో ఏ మూల ఉందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె పోయి ముప్ఫై ఏళ్లయినా ఆ చీర పేరు చెప్పే మాట్లాడుకుంటాం.

ఈ విద్య మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. అలబామాలో నది మలుపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికినవాళ్ల వారసులు అక్కడి నల్లజాతి స్త్రీలు. చలి ఆపుకోవడానికి పొలం పనికి వేసుకుని అరిగిపోయిన బట్టల్ని అతికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి వేలాడదీశారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద బిళ్లలు వేసింది. ఆ బొంతల ఫోటోలున్న పుస్తకం అమ్మకి చూపించాను. ఒకదాని దగ్గర ఆగి, "ఇది ప్యాంటు మోకాలు గదరా, ఇక్కడ రంగు పోయింది చూడు" అంది. పుస్తకంలో ఏం రాశారో నేను చెప్పకముందే ఆమె దాన్ని చదివేసింది.

ఆ రాత్రే మా ఆవిడ పాత కాటన్ చీరలు మూడు తీసి ఇచ్చింది.

ఇక "సులువైన పని" అంటాం గాని, మా వైపు పెద్దల విషయంలో ఆ మాట కాస్త ఆలోచించి వాడాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి వైద్య నివేదికల్లో పేరున్నది 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయింది. అది నెల్లూరు జిల్లా గురించి. మా కనిగిరి ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, రెండేళ్లకి దానికే ప్రకాశం పేరు పెట్టారు. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లలో ఎందరికో మెడ తిరగదు, నడుం వంగదు, మోకాళ్లు ముడుచుకోవు. అలాంటి మనిషిని నేల మీద కూర్చుని బొంత కుట్టమంటే అది శిక్ష. అందుకే మేం పద్ధతి మార్చాం. చీరల్ని జానెడు పలకలుగా కత్తిరించి, మూడు పొరలు పేర్చి, భోజనాల బల్ల మీదే ఒక్కొక్క ముక్కా కుట్టడం. సూది లావుది, కన్ను పెద్దది ఉండాలి. సూది జారకుండా వేలికి రబ్బరు తొడుగు. దీపం కుట్టే చేతికి అవతలి పక్క నుంచి పడాలి, అప్పుడు చేతినీడ కుట్టు మీద పడదు. ఇరవై నిమిషాలు కుట్టి, వేడినీళ్ల గిన్నెలో వేళ్లు ముంచుకుని, మళ్లీ మొదలు. ముక్కలన్నీ చివర్లో మిషను మీద కలపవచ్చు.

వేళ్లు అంత సహకరించనివాళ్లకి ఒత్తులు. భైరవకోన మా మండలంలోదే. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పౌర్ణమికి అక్కడికి పోయేవాళ్లు ఏడాది మొత్తానికీ సరిపడా 365 ఒత్తుల కట్ట వెంట తీసుకుపోతారు. మా ఇంట్లో ఆ కట్టలు పెరట్లోని పత్తిచెట్టు కాయలతోనే అయ్యేవి. ఇక్కడ మందుల షాపులో దొరికే చుట్టదూది చాలు. దూదిని పొరలుగా విడదీసి, ఉసిరికాయంత తీసుకుని, అరచేతుల మధ్య తిప్పితే పొడుగొత్తి. నడుమ చిటికెడు విభూతి అద్దుకుంటే వేళ్లు జారవు. పువ్వొత్తికి కొస మాత్రం నులిమితే చాలు, పాలతడి అద్దితే విడిపోదు. చూపు మందగించినవాళ్లు కూడా స్పర్శతో చేయగలిగిన పని ఇది.

ముగ్గు సంగతి ఒకటి చెప్పాలి. వంగి ముగ్గు పెట్టలేకపోవడం మా అమ్మకి పెద్ద బాధ. పైగా ఇక్కడ వాకిట్లో మంచు. ఈసారి ఊరి నుంచి వచ్చే బంధువు చేత రెండు మార్కాపురం పలకలు తెప్పించాను. ఒకప్పుడు మన బడిపిల్లల చేతుల్లో ఉన్న పలకలు మార్కాపురం గనుల రాయే. ప్లాస్టిక్ పలకలు వచ్చాక వాటి వాడకం తగ్గిపోయింది. నల్లని రాతి మీద తెల్ల బలపం, చుక్కలు పెట్టుకోవడానికి ఒడిలో పట్టే వాకిలి. తప్పు పోతే తడిగుడ్డతో తుడిచెయ్యడమే. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఒక ముగ్గు వేసి పలకని గుమ్మం లోపల ఆనిస్తుంది. బడికి పోతూ మా అమ్మాయి దాని మీద నుంచి దాటదు, పక్కనుంచి పోతుంది. ఎవరూ చెప్పలేదు.

వైద్యులు కూడా ఈ విషయం చూశారు. మేయో క్లినిక్ పరిశోధకులు 85 ఏళ్లు దాటిన 256 మందిని సగటున నాలుగేళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. నడివయసులోనూ ముసలితనంలోనూ చేతిపనులు చేసినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే ముప్పు 45 శాతం తక్కువగా కనిపించింది. చేతిపని వల్లే అలా అయిందని ఆ లెక్క తేల్చి చెప్పదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ పని చేసి ఉండొచ్చు. అయినా నాకు ఆ లెక్క కన్నా అమ్మ ముఖమే పెద్ద సాక్ష్యం.

అందుకని కార్యవర్గం ఈసారి సంక్రాంతి వేడుకకి ఒక మార్పు చేసింది. ప్రమిదల్లో వెలిగే ప్రతి ఒత్తీ మన పెద్దలు చేసిందే అవుతుంది, కొన్నది ఒక్కటీ ఉండదు. హాల్లో కిటికీ పక్కన రెండు పొడవాటి బల్లలు, వీపు ఆనే కుర్చీలు వేస్తున్నాం. ఈ ఏడాది మన సంఘంలో ముగ్గురు ఆడపిల్లలకి కాన్పులున్నాయి. ఆ ముగ్గురికీ మూడు బొంతలు కావాలి. ఇంట్లో పాత కాటన్ చీరలుంటే ఉతికి తీసుకురండి, పట్టువి, నైలానువి వద్దు. ఎవరి చీరో ఒక చీటీ మీద రాసి పిన్ను పెట్టండి. సూదుల్లో దారం ఎక్కించడానికి పదేళ్ల లోపు పిల్లలు నలుగురు కావాలి. మా అమ్మ ఉదయం తొమ్మిదికే వచ్చి కూర్చుంటానంటోంది.