గేటు దాటిన చదువు

జేఈఈ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన పేపర్ల నిండా ర్యాంకుల పండగే. ఫొటోలు, అంకెలు, పూలదండలు. ఫలానావారి అబ్బాయికి మద్రాస్ ఐఐటీలో సీటొచ్చిందట అని వీధి వీధంతా చెప్పుకుంటారు. నాలుగేళ్లయ్యాక మళ్లీ ఒకే ఒక్క ప్రశ్న... 'ప్యాకేజీ ఎంతట?' ఈ రెంటికీ మధ్య ఆ గోడల లోపల ఏం జరుగుతుందో మనం అడగం. పాఠం చెప్పడం అయిపోయాక ఆ ప్రొఫెసర్లు ఏం చేస్తుంటారు? పీహెచ్‌డీ కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా లైట్లు వేసుకుని దేనితో కుస్తీ పడుతుంటారు? ఆ సంస్థ నడిచేది మన పన్నుల డబ్బుతో. మన పిల్లల్ని ఆరో తరగతి నుంచే అటువైపు తరుముతున్నదీ మనమే. కాబట్టి ఓసారి లోపలికి తొంగిచూద్దాం రండి!

మద్రాస్ ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైంది. గిండీ అడవిలో కొంత భాగాన్ని తీసి ఇచ్చిన ఆరు వందల ఎకరాల పైచిలుకు స్థలం అది. ఇప్పటికీ క్లాసుకి వెళ్లే దారిలో జింకలు అడ్డొస్తాయి. ఒక భవనంలో నీళ్ల గురించి, పక్కదాంట్లో చక్రాల కుర్చీ గురించి, ఇంకోదాంట్లో కంప్యూటర్ చిప్ గురించి, మరోదాంట్లో రాకెట్ ఇంజిన్ గురించి పరిశోధన. ఒకదానికీ ఒకదానికీ పొంతన ఉండదు. కానీ ఆ పనులన్నిటి ముందూ ఉన్న పరీక్ష ఒక్కటే. ఇది గేటు దాటి బయటికి వెళ్తుందా?

నీళ్లలో విషానికి వెండి విరుగుడు

2003 గుర్తుందా? సీసాల్లో అమ్మే నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల ఆనవాళ్లు ఉన్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెడితే దేశమంతా గగ్గోలు పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాస్ ఐఐటీ రసాయనశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం ఒక తమాషా గమనించింది. వెండి కడ్డీని నీళ్లలో పడేస్తే ఏమీ కాదు. అదే వెండిని మీటరులో వంద కోట్లో వంతు కొలతల్లో, అంటే నానో కణాలుగా చేస్తే దాని స్వభావమే మారిపోతుంది. క్లోరిన్ ఉన్న విషపదార్థాలను పట్టుకుని వాటి బంధాలను తెగ్గొడుతుంది. ఎండోసల్ఫాన్, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు నీళ్లలోంచి పోతాయి. ఇవన్నీ మన పత్తి చేలల్లో, మిరప తోటల్లో రోజూ వినిపించిన పేర్లే! ఈ పరిజ్ఞానాన్ని యురేకా ఫోర్బ్స్ తీసుకుని 2007లో ఫిల్టర్‌గా మార్కెట్లోకి తెచ్చింది.

తర్వాత ప్రదీప్ దృష్టి ఆర్సెనిక్ మీద పడింది. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో బోరు నీటిలో రుచీ వాసనా లేకుండా దాక్కునే విషం అది. లీటరు నీటిలో పది మైక్రోగ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. దీనికి ఆయన బృందం వాడిన సరుకేమిటో తెలుసా? ఇనుము సమ్మేళనం, దానికి తోడు రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్! కరెంటు అక్కర్లేదు. నీళ్లు వడపోస్తే చాలు. 'అమృత్' అని పేరు పెట్టిన ఈ విధానంతో ఊరుమ్మడి ప్లాంట్లు వచ్చాయి. 2020లో ప్రదీప్‌కు పద్మశ్రీ వచ్చింది. నల్గొండ ఫ్లోరైడ్ బాధలు చూసిన మనకు, నీళ్ల మీద పరిశోధన విలువ ఇంకొకరు చెప్పాలా?

కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు

రోజంతా చక్రాల కుర్చీకే అతుక్కుపోతే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒంటికి పుండ్లు పడతాయి. రక్తప్రసరణ దెబ్బతింటుంది, ఎముకలు గుల్లబారతాయి. అన్నిటికీ మించి ఎదుటివాళ్లతో ఎప్పుడూ తలెత్తే మాట్లాడాలి. మెకానికల్ విభాగంలో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ బృందం దీని మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. 2019లో ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ అనే చెన్నై కంపెనీతో కలిసి 'అరైజ్' అనే కుర్చీని విడుదల చేశారు. అందులో కూర్చున్న మనిషి ఎవరి సాయం లేకుండా తనంతట తానే లేచి నిలబడొచ్చు, మళ్లీ కూర్చోవచ్చు. అప్పట్లో దాని ధర సుమారు 15 వేల రూపాయలు.

అదే ప్రయోగశాల నుంచి పుట్టిన నియోమోషన్ అనే చిన్న కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. చక్రాల కుర్చీ ముందు తగిలించుకుంటే చాలు... అది బండిలా గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో రోడ్డెక్కుతుంది. దాని పేరు నియోబోల్ట్. పని అయిపోగానే విప్పేసి, కుర్చీని మామూలుగా ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు. బయటికి వెళ్లాలంటే ప్రతిసారీ ఇంకొకరిని అడగాల్సిన మనిషికి అది ఎంత పెద్ద స్వేచ్ఛో చెప్పనక్కర్లేదు.

గొయ్యిలోకి మనిషి బదులు

ఇది చదవడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులోకి దిగి ఊపిరాడక చనిపోయిన కార్మికుల వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మనుషుల్ని అలా దించకూడదని 2013లో చట్టం వచ్చింది. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా ట్యాంకు అడుగున గట్టిపడిన మడ్డిని పైనుంచి పైపు పెట్టి లాగడం కుదరదు. అందుకే మనిషిని దించుతారు.

అంటే తేల్చాల్సింది ఆ గట్టి మడ్డి సంగతి! ప్రొఫెసర్ ప్రభు రాజగోపాల్ దగ్గర ఒక విద్యార్థి చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మొదలుపెట్టిన పని ఇది. ట్యాంకు మూత ఇరుకు. అందులోంచి సన్నగా లోపలికి వెళ్లి, దిగాక తిరగేసిన గొడుగులా విచ్చుకునే బ్లేడ్లు తయారుచేశారు. అవి గిరగిరా తిరిగి మడ్డిని చిలికి పల్చన చేస్తాయి. ఆ తర్వాత పంపు లాగేస్తుంది. మనిషి పైన ఒడ్డునే నిలబడతాడు. దీని పేరు హోమోసెప్. కార్మికుల బాధలు తెలిసిన సఫాయి కర్మచారీ ఆందోళన్ ఇందులో చేయి కలిపింది. ఆ ఉద్యమాన్ని నడిపించి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగువాడు. మొదటి రెండు యంత్రాలు ఎవరికిచ్చారో తెలుసా? పారిశుద్ధ్య పనిలో భర్తల్ని పోగొట్టుకున్న ఇద్దరు మహిళలు నడిపే స్వయం సహాయక బృందాలకు.

చిప్పూ, రాకెట్టూ

చిప్ అంటే అమెరికా, తైవాన్ వ్యవహారమనే అనుకుంటాం. ప్రొఫెసర్ కామకోటి బృందం 'శక్తి' పేరుతో సొంత ప్రాసెసర్ రూపొందించింది. ప్రతి చిప్‌కీ ఆదేశాలు అర్థమయ్యే భాష ఒకటుంటుంది. సాధారణంగా ఆ భాషకు లైసెన్సు రుసుము కట్టాలి. 'శక్తి'కి వాడింది ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ రిస్క్-ఫైవ్ అనే భాష. 2018లో మొదటి చిప్‌ను అమెరికాలోని ఇంటెల్ ఫ్యాక్టరీలో, తర్వాతి దాన్ని చండీగఢ్‌లోని మన ప్రభుత్వ సంస్థలో తయారుచేయించారు. చండీగఢ్ పరిజ్ఞానం 180 నానోమీటర్ల పాతరకానిది. మన సెల్‌ఫోన్‌కి అది చాలదు. కానీ అన్నిచోట్లా సెల్‌ఫోన్ చిప్పే అక్కర్లేదుగా! 2025లో ఇస్రోతో కలిసి అంతరిక్ష అవసరాల కోసం 'ఐరిస్' అనే చిప్‌ను చండీగఢ్‌లోనే తయారుచేయించారు.

రాకెట్ సంగతి మన గడ్డ మీదే జరిగింది. 2017లో మొదలై, ఈ క్యాంపస్‌లోనే పెరిగిన అగ్నికుల్ కంపెనీ, ఇంజిన్‌ను బోల్టులు, అతుకులు లేకుండా ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేసింది. చివరి నిమిషంలో ఒకటికి నాలుగుసార్లు వాయిదాలు పడ్డాయి. పట్టు వదల్లేదు. 2024 మే 30న శ్రీహరికోటలో తమ సొంత ప్రయోగవేదిక నుంచి ప్రయోగాత్మక రాకెట్‌ను ఎగరేసింది.

ఓడిపోయిన టెలిఫోను

అన్నీ గెలుపు కథలే చెబితే సగమే చెప్పినట్టు. 1990ల్లో టెలిఫోన్ కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఒక్కో లైను వేయడానికి ముప్పై, నలభై వేల రూపాయల దాకా ఖర్చయ్యేది. దాన్ని పదివేలకు దించాలని కంకణం కట్టుకున్నారు ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా, ఆయన సహచరులు. రాగి తీగలు లేకుండా ఇంటికి ఫోనూ, ఇంటర్నెట్టూ కలిపి ఇచ్చే 'కార్‌డెక్ట్' అలా పుట్టింది. మన దేశంలోనే కాదు, బయటి దేశాలకూ వెళ్లింది. పల్లెల్లో ఇంటర్నెట్ కియోస్కులు పెట్టారు.

ఈలోగా సెల్‌ఫోన్ చవకైపోయింది. ఆ వరదలో కార్‌డెక్ట్ కొట్టుకుపోయింది. మరి ఆ డబ్బంతా దండగేనా? కాదు. మనవాళ్లు టెలికాం వ్యవస్థను మొదటి నుంచి చివరి దాకా సొంతంగా చేయగలరని ఒక తరం ఇంజినీర్లకు తెలిసింది అప్పుడే. ప్రొఫెసర్లు, విద్యార్థులు, కంపెనీలు ఒకేచోట కూర్చుని పనిచేసే రీసెర్చ్ పార్కు 2010లో వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో దేశంలోనే అలాంటిది మొదటిది. దానికి ముందుండి నడిచిందీ ఝున్‌ఝున్‌వాలాయే.

ఇక్కడే అసలు చిక్కుంది. ఏ పరిశోధన గేటు దాటుతుందో, ఏది మధ్యలో ఆగిపోతుందో ముందే చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. వెండి కణాలతో ఆడుకుంటున్నప్పుడు అది నీళ్ల ఫిల్టర్ అవుతుందని ఎవరనుకున్నారు? అందుకే పది పనులకు డబ్బు పెడితేనే రెండు మూడు చేతికొస్తాయి. కానీ మనం పెడుతున్నదెంత? 2020-21 లెక్కల ప్రకారం పరిశోధనకు దేశం మొత్తం ఖర్చు జీడీపీలో 0.64 శాతం. వందకు రూపాయి కూడా కాదు! విత్తనం కొనకుండా పంట ఏదని అడిగితే ఎలా?

మీ ఇంట్లో ఐఐటీ కోచింగ్‌కి వెళ్లే పిల్లలుంటే, ఈ ఆదివారం భోజనాల దగ్గర ర్యాంకు ఊసెత్తకండి. తిరగేసిన గొడుగులా విచ్చుకునే ఆ బ్లేడ్ల సంగతి చెప్పండి. అది చేసినవాడూ వాళ్లలాగే పరీక్ష రాసి లోపలికి వెళ్లిన కుర్రాడే అని చెప్పండి. ఆ తర్వాత, 'నువ్వయితే ఏం చేద్దామనుకుంటున్నావ్?' అని అడగండి. జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు. ఆ ప్రశ్న ఒకటుందని వాళ్లకు తెలియాలిగా!